పది వేలకు పది వేలు బోనస్: వేజరింగ్ లెక్క విప్పితే చేతిలో మిగిలేదెంత?

“పది వేలు వేయండి, ఇంకో పది వేలు మేం కలుపుతాం.” సంక్రాంతి బరులు లేచే ముందు, ఐపీఎల్ నడిచే రెండు నెలలూ భీమవరం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల వాట్సాప్ గ్రూపుల్లోనూ టెలిగ్రామ్ ఛానళ్లలోనూ తిరిగే మాట ఇది. కింద ఒక లింకు ఉంటుంది, లేదంటే “ఐడీ కావాలంటే ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి” అని ఉంటుంది. షరతులు ఆ మెసేజ్‌లో కనిపించవు. సైటు అడుగున, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటాయి. వాటిలో ఒక్క వాక్యం మొత్తం బేరాన్ని తేల్చేస్తుంది: బోనస్‌కు 35 రెట్లు వేజరింగ్ పూర్తయ్యాకే విత్‌డ్రా.

ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడమే చట్టవిరుద్ధం. ఆ సంగతి కింద వివరంగా చెబుతాం. అయినా ముందు ఈ లెక్క తెలియాలి. ఎప్పుడూ ఆడనివాళ్లను కూడా మొదటి డిపాజిట్ దాకా తీసుకెళ్లేది ఈ బోనస్సే. “వాడిచ్చిన డబ్బుతోనే కదా ఆడేది, మన సొమ్ము ఎక్కడికి పోతుంది?” అన్న ధీమా ఎంత పొరపాటో రూపాయల్లో చూపించవచ్చు.

35 రెట్లు అంటే ఎంత సొమ్ము?

బోనస్ పది వేలు, షరతు 35 రెట్లు. అంటే మీరు కాసిన పందేలన్నీ కూడితే మూడున్నర లక్షలు కావాలి. మూడున్నర లక్షలు డిపాజిట్ చేయాలని కాదు, గెలవాలని కూడా కాదు. వంద కాసి గెలిచినా ఓడినా షరతు లెక్కలో వంద పడుతుంది. గెలిచిన సొమ్మునే మళ్లీ కాస్తే మళ్లీ పడుతుంది. ఉన్న ఇరవై వేలే అటూ ఇటూ తిరిగి తిరిగి మూడున్నర లక్షలు అవ్వాలి. కొన్ని సైట్లు దీన్నే రోల్‌ఓవర్ అనో, ప్లేత్రూ అనో, టర్నోవర్ అనో రాస్తాయి. పేరేదైనా పని ఒకటే.

సొమ్ము తిరిగిన ప్రతిసారీ ఆట నడిపేవాడి వాటా కొంత తెగుతుంది. ఇది గోదావరి డెల్టాలో అందరికీ తెలిసిన కోతముక్కలోనే చూద్దాం. ఆన్‌లైన్‌లో అందర్ బాహర్ అని పెట్టేది మన లోనా బయటా ఆటనే. జోకర్ ముక్క తెరిచాక, మొదటి ముక్క ఎటు పడుతుందో అటువైపు గెలిచే అవకాశం నూటికి 51.5. రెండో వైపుకు 48.5. మొదటి ముక్క లోన పడే పద్ధతిలో లోన గెలిస్తే వందకు తొంభై, బయట గెలిస్తే వందకు వంద ఇస్తారు. లోన మీద వందేసి కాస్తూ వంద ఆటలు ఆడితే 51.5 సార్లు తొంభై చొప్పున వస్తుంది, 48.5 సార్లు వంద చొప్పున పోతుంది. తేడా చూస్తే కాసిన ప్రతి వందకూ 2 రూపాయల 15 పైసలు నిర్వాహకుడికి మిగులుతాయి. బయట మీద కాస్తే మూడు రూపాయలు. ముక్కలు ఎంత నిజాయితీగా పంచినా ఈ వాటా తెగుతూనే ఉంటుంది, ఎందుకంటే అది పంపకంలో కాదు, ఇచ్చే రేటులో ఉంది.

మిగతా ఆటలకూ ఇలాగే ఒక అంకె ఉంటుంది. ఒకే సున్నా ఉన్న రౌలెట్‌లో 2.7 శాతం, రెండు సున్నాలుంటే 5.26. బకరా (Baccarat) అనే ముక్కలాటలో బ్యాంకర్ మీద 1.06, ప్లేయర్ మీద 1.24. ఎనిమిది రెట్లు ఇస్తామని ఊరించే టై మీద మాత్రం 14 శాతం పైనే. బ్లాక్‌జాక్‌లో ప్రతి ముక్కకూ సరైన నిర్ణయం తీసుకుంటే అర శాతం దగ్గర. ఊహతో ఆడితే ఇంకా పెరుగుతుంది. ఈమధ్య కుర్రాళ్ల ఫోన్లలో ఎక్కువగా కనిపిస్తున్న ఏవియేటర్‌లో 3 శాతం. బటన్ నొక్కితే బొమ్మలు తిరిగే స్లాట్లలో సాధారణంగా 4 నుంచి 6 శాతం. సైట్లు దీన్ని తిప్పి రాస్తాయి. ఆర్టీపీ (ఆటగాళ్లకు తిరిగొచ్చే శాతం) 96 అని ఉంటే వాటా 4 అన్నమాట.

ఇప్పుడు గుణించండి. మూడున్నర లక్షల పందేలు, 4 శాతం వాటా ఉన్న స్లాట్. తెగేది సగటున పద్నాలుగు వేలు. వచ్చిన బోనస్ పది వేలు. పది వేలు పుచ్చుకోవడానికి పద్నాలుగు వేల పని చేశారు.

ఏ షరతు చూసినా నోటిలెక్కగా తేల్చుకోవడానికి ఒక సూత్రం ఉంది. వందను ఆట వాటా శాతంతో భాగించండి. 4 శాతమైతే 25. బోనస్ మీద షరతు 25 రెట్లు దాటిందంటే, ఆ ఆటలో సగటున బోనస్ మొత్తం కరిగి మీ సొమ్ము తెగడం మొదలైనట్టే. 6 శాతం స్లాటైతే 17 రెట్లు దాటగానే అంత. బ్రిటన్‌లో జూద నియంత్రణ సంస్థ 2026 జనవరి 19 నుంచి ఈ షరతు పది రెట్లు మించకూడదని నిబంధన పెట్టింది. పది రెట్లయితే లక్ష రూపాయల పందేలు, తెగేది నాలుగు వేలు, బోనస్‌లో ఆరు వేలు నిలుస్తాయి. అక్కడ పదికి కట్టేసిన షరతు, మన ఫోన్లకు వచ్చే ప్రకటనల్లో 35 దగ్గరా 40 దగ్గరా ఉండడం మామూలు.

“డిపాజిట్ ప్లస్ బోనస్” అన్న మూడు మాటలు

షరతు ఎంత అన్నదానికంటే దేని మీద అన్నది ముందు చూడాలి. 35 రెట్లు బోనస్ మీదైతే మూడున్నర లక్షలు. డిపాజిట్, బోనస్ రెండింటి మీదా అయితే ఏడు లక్షలు. 4 శాతం చొప్పున తెగేది ఇరవై ఎనిమిది వేలు. ఖాతాలో మొత్తం ఉన్నదే ఇరవై వేలు. షరతు పూర్తయ్యేలోపు సొమ్ము అయిపోవడమే ఇక్కడ మామూలు ఫలితం, మిగలడం అదృష్టం. రెండు ప్రకటనల్లోనూ పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం “100 శాతం, 35 రెట్లు” అనే.

ఇక ఆటల లెక్కింపు శాతం. దీన్ని పట్టించుకోక దెబ్బతినేవాళ్లు చాలామంది. స్లాట్ మీద కాసిన వంద వందగానే లెక్కకొస్తుంది. రౌలెట్, బ్లాక్‌జాక్, బకరా, లోనా బయటా లాంటి ఆటల్లో కాసిన వందకు పది రూపాయలే షరతు ఖాతాలో పడేలా రాస్తారు. కొన్నిచోట్ల అయిదు, కొన్నిచోట్ల అసలేమీ పడదు. పది శాతం లెక్కింపు అంటే ఆట వాటాను పదితో హెచ్చించినట్టే. రౌలెట్‌లోని 2.7 శాతం షరతు తీర్చే పనికి వచ్చేసరికి 27 శాతం అవుతుంది. బ్లాక్‌జాక్ అర శాతం 5 అవుతుంది, అంటే మామూలు స్లాట్ కంటే ఎక్కువ.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. స్లాట్లు తెలియవు, కోతముక్క తెలుసు. అందుకని తెలిసిన ఆటే ఆడి షరతు తీరుద్దామనుకుంటారు. పది శాతం లెక్కింపుతో మూడున్నర లక్షలు పూర్తి కావాలంటే లోనా బయటాలో నిజంగా ముప్ఫై అయిదు లక్షల పందేలు కాయాలి. 2.15 శాతం చొప్పున తెగేది రూ.75,250. పది వేల బోనస్ కోసం. రెండు రోజులు ఆడాక షరతు ఎంత నిండిందో చూపే గీత మీద 3 శాతమో 4 శాతమో మాత్రమే నిండి కనిపిస్తే, కారణం ఇదే.

రొయ్యల చెరువు చేసినవాళ్లకు ఈ బేరం స్వరూపం కొత్తేమీ కాదు. మేత అప్పుగా ఇచ్చే షావుకారు పట్టుబడి (చెరువులో పట్టిన సరుకు) తనకే ఇవ్వాలంటాడు. అప్పు మీద వడ్డీ కనిపించదు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) కట్టేటప్పుడూ కిలో రేటు వేసేటప్పుడూ తెగుతుంది. బోనస్ ధర కూడా ఇచ్చేచోట ఉండదు, తీసుకెళ్లేచోట ఉంటుంది.

సగటు ఒక్కటే చూస్తే సరిపోదు

పైన చెప్పిన పద్నాలుగు వేల లెక్కలో ఒక చిన్న లోపం ఉంది. దాన్ని సరిచేస్తేనే అసలు బొమ్మ కనిపిస్తుంది. సొమ్ము సున్నా అయినవాడు ఇక ఆడలేడు కాబట్టి మూడున్నర లక్షలూ పూర్తి చేయడు, పద్నాలుగు వేలూ పోగొట్టుకోడు. ఖాతాలో ఉన్న ఇరవై వేలకు మించి పోయేది లేదు, అందులో తన సొమ్ము పదే.

ఒక ఉజ్జాయింపు వేద్దాం. స్పిన్‌కు యాభై రూపాయలు, వాటా 4 శాతం, ఒక్కో స్పిన్ ఒడిదుడుకు (ఫలితం సగటు నుంచి అటూ ఇటూ ఊగే మేర) పందేనికి అయిదు రెట్లు అనుకుందాం. ఓ మాదిరి స్లాట్‌కు ఇది తగిన అంకె. ఏడు వేల స్పిన్‌లు కొట్టాలి. నిమిషానికి పది చొప్పున పదకొండు గంటల నలభై నిమిషాలు. ఈ పద్ధతిలో వందమంది మొదలుపెడితే సుమారు 57 మంది షరతు పూర్తయ్యేలోపే సున్నాకు చేరతారు. దాటిన 43 మంది చేతిలో సగటున రూ.23,500 ఉంటాయి. వందమందికీ కలిపి చూస్తే తలకు పది వేల దగ్గర తేలుతుంది. వేసిన పది వేలే. అంటే బోనస్ విలువ ఇంచుమించు సున్నా. వందలో 57 మందికి మాత్రం పది వేల నష్టం. దాటిన 43 మందిలోనూ వేసిన పది వేలకంటే తక్కువతో బయటపడేవాళ్లు ఉంటారు. “నాకు ముప్ఫై వేలు వచ్చాయి” అని గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టేవాడు ఆ 43లో పైవరస. ఆ 57 మంది స్క్రీన్‌షాట్లు పెట్టరు.

అదే షరతు డిపాజిట్ ప్లస్ బోనస్ మీదైతే దాటేవాళ్లు అయిదుగురిలో ఒక్కరే. తలకు సగటున మిగిలేది రూ.5,900. వేసిన పది వేలలో నాలుగు వేల పైచిలుకు పోయినట్టు.

“పందెం చిన్నదిగా వేసి జాగ్రత్తగా ఆడితే?” అని అడుగుతారు. పది రూపాయల స్పిన్‌తో అదే లెక్క వేస్తే సున్నాకు చేరేవాళ్లు తగ్గుతారు, మూడింట ఒక వంతు దగ్గర. కానీ సగటున మిగిలేది రూ.7,300కు పడిపోతుంది, ఎందుకంటే ఎక్కువమంది చివరిదాకా ఆడి వాటా మొత్తం కట్టి వెళతారు. పైగా ముప్ఫై అయిదు వేల స్పిన్‌లు, యాభై ఎనిమిది గంటలు. బోనస్ గడువు చాలాచోట్ల ఏడు రోజులే. రోజుకు ఎనిమిది గంటలు ఫోన్ ముందు కూర్చుంటే తప్ప తీరదు. గడువు దాటితే బోనస్, దాని మీద గెలిచినదీ రెండూ పోతాయి.

పందెం పెద్దదైతే ఆటగాడి సగటు మెరుగవుతుందన్న సంగతి సైటు నడిపేవాళ్లకు బాగా తెలుసు. అందుకే గరిష్ఠ పందెం అన్న షరతు పెడతారు. బోనస్ నడుస్తున్నంతసేపూ స్పిన్‌కు నాలుగైదు వందలు మించకూడదని ఉంటుంది. స్లాట్ లోపలి “బోనస్ రౌండ్ కొనుక్కో” అన్న బటన్ కూడా దీని కిందికే వస్తుంది. ఆట మిమ్మల్ని ఆపదు. ఎక్కువ కాసినా పందెం తీసుకుంటుంది. ఓడితే ఎవరూ అడగరు. గెలిచి విత్‌డ్రా పెట్టినప్పుడు చరిత్ర తీసి, ఫలానా రోజు ఒక్క స్పిన్ హద్దు దాటింది కాబట్టి గెలిచినదంతా రద్దు అంటారు. నా దృష్టిలో మొత్తం షరతుల్లోకెల్లా అన్యాయమైనది ఇదే. హద్దు దాటనివ్వకుండా ఆపడం సాఫ్ట్‌వేర్‌కు చేతకాని పని కాదు.

దాని జంట గరిష్ఠ విత్‌డ్రా. బోనస్‌తో ఎంత గెలిచినా ఫలానా మొత్తం దాకానే ఇస్తాం అన్న షరతు. పైన చూసిన 43 మంది సగటును పైకి లేపేది ఇరవై వేలకు పైగా కొట్టినవాళ్లే. వాళ్ల సొమ్మును ఇరవై వేల దగ్గర కోసేస్తే మొత్తం సగటు కూలిపోతుంది. గరిష్ఠ విత్‌డ్రా ఉన్న బోనస్‌లో విలువ కోసం వెతకనక్కర్లేదు.

ఇంకొక్కటి. బోనస్ చివరికి మీదవుతుందా, కాదా? కొన్నిట్లో షరతు తీరాక బోనస్ సొమ్ము కూడా విత్‌డ్రా చేసుకోవచ్చు. కొన్నిట్లో విత్‌డ్రా నొక్కగానే బోనస్ పది వేలూ వెనక్కి తీసుకుని మిగిలినదే ఇస్తారు. వీటిని స్టికీ బోనస్ అంటారు. పైన వేసిన లెక్కలన్నీ మొదటి రకానికి. రెండో రకమైతే దాటిన ప్రతివాడి చేతిలోంచీ ఇంకో పది వేలు తీసేయండి. మూడో రకంలో ముందు మీ డిపాజిట్ ఖర్చవుతుంది, అది అయ్యాకే బోనస్ తెరుచుకుంటుంది. సొంత సొమ్ముతో ఆడుతుండగా గెలిస్తే బోనస్ వదులుకుని అంతా తీసుకెళ్లవచ్చు. ఆటగాడికి కాస్తయినా అనుకూలమైన రకం ఇదొక్కటే, అందుకే అరుదు.

ఫ్రీ స్పిన్‌లను ఒక్క లెక్కతో తేల్చవచ్చు. పది రూపాయల స్పిన్‌లు యాభై అంటే ముఖవిలువ అయిదు వందలు, సగటున వచ్చేది 480. దాని మీద నలభై రెట్లు షరతంటే పందేలు రూ.19,200, తెగేది 768. వచ్చినదానికంటే ఎక్కువ. క్రికెట్ ఫ్రీ బెట్‌లో గెలిస్తే లాభం మాత్రమే ఇస్తారు, కాసిన మొత్తం ఇవ్వరు. టాస్ మీద 1.90 రేటుకు వెయ్యి రూపాయల ఫ్రీ బెట్ వేస్తే గెలిచినప్పుడు వచ్చేది తొమ్మిది వందలు, సగం సార్లే గెలుస్తారు, కాబట్టి దాని విలువ 450. క్యాష్‌బ్యాక్ వీటన్నిటికంటే సూటిగా ఉంటుంది. అయిదు వేలు పోయినప్పుడు పది శాతం అంటే అయిదు వందలు. అది నేరుగా విత్‌డ్రా అయ్యే సొమ్మైతే అయిదు వందలే, పది రెట్లు షరతుతో వస్తే మూడు వందలు. కాకపోతే అది చేతికి రావాలంటే ముందు అయిదు వేలు పోవాలి.

స్లాట్ వాటా గురించి ఒక హెచ్చరిక. ఒకే ఆటను తయారీదారులు రెండు మూడు ఆర్టీపీలతో ఇస్తారు: 96, 94, ఇంకా కిందివి కూడా. ఏది పెట్టుకోవాలో సైటు నిర్ణయించుకుంటుంది. బొమ్మలు, సంగీతం, పేరు అన్నీ ఒకటే. యూట్యూబ్‌లో 96 అని విన్నది మీ ఫోన్‌లో 94 కావచ్చు. అప్పుడు మూడున్నర లక్షల మీద తెగేది పద్నాలుగు వేలు కాదు, ఇరవై ఒక్క వేలు. ఆట లోపల సమాచారం బటన్ నొక్కి చివరి పేజీలదాకా వెళితే ఆ అంకె కనిపిస్తుంది. కనిపించకపోతే ఎంతైనా ఉండవచ్చు. వాటా తక్కువున్న స్లాట్ల పేర్లు సాధారణంగా “బోనస్‌తో ఆడకూడని ఆటల” జాబితాలో ఉంటాయి.

గెలిచాక ఆగిపోయేచోట్లు

షరతు తీరింది, ఖాతాలో ఇరవై మూడు వేలున్నాయి అనుకుందాం. కేవైసీ ఇప్పుడు అడుగుతారు, డిపాజిట్ రోజున కాదు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక, బ్యాంకు ఖాతాలో పొడి అక్షరం. మన ఊళ్లలో సగం మందికి ఇంతే. పేరు కలవలేదని ఆపడానికి ఇది చాలు. డిపాజిట్ బావమరిది ఫోన్‌పే నుంచి చేసి ఉంటే మూడో వ్యక్తి చెల్లింపు కింద రద్దు చేస్తారు. ఇంట్లో అన్నదమ్ములిద్దరూ ఒకే వైఫై మీద ఖాతాలు తెరిచి ఉంటే ఒకే మనిషి రెండు బోనస్‌లు తీసుకున్నాడంటారు. ఇవేవీ దొరక్కపోతే “క్రమం తప్పిన ఆట” అన్న క్లాజు ఉంటుంది. దానికి నిర్వచనం ఉండదు.

విత్‌డ్రా పెట్టాక రెండు మూడు రోజులు పెండింగ్‌లో ఉంచి, పక్కనే రద్దు బటన్ పెడతారు. నొక్కితే సొమ్ము మళ్లీ ఆటలోకి వస్తుంది. ఆ మూడు రోజుల్లో నొక్కేవాళ్ల మీదే ఆ బటన్ ఆధారపడి ఉంది.

ఐడీ పద్ధతిలో ఇవి కూడా ఉండవు. ఏజెంటు వాట్సాప్‌లో లాగిన్ ఇస్తాడు, సొమ్ము ఎవరిదో పేరున్న యూపీఐకి పంపమంటాడు, ఖాతాలో పాయింట్లు వేస్తాడు. షరతులు ఎక్కడా రాసి ఉండవు. బోనస్ మీద ఎన్ని రెట్లో అడిగినప్పుడు చెప్పేది ఒకటి, విత్‌డ్రా రోజున చెప్పేది ఇంకొకటి.

చట్టం ఎటువైపుంది?

1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని, రమ్మీ, పోకర్‌లతో సహా, నిషేధించారు. నిర్వాహకులకే కాదు, ఆడినవారికీ ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. దేశం మొత్తానికి వర్తించే ఆన్‌లైన్ గేమింగ్ చట్టం 2025 ఆగస్టులో పార్లమెంటు దాటింది, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేస్తే రెండేళ్లు, యాభై లక్షలు. రిఫరల్ కమీషన్ కోసం గ్రూపులో లింకు పెట్టే కుర్రాడు తనను ఆటగాడిననే అనుకుంటాడు. చట్టం కళ్లకు అతను ప్రచారకర్తగా కనిపించే ప్రమాదం ఉంది.

బోనస్ విలువకు నేరుగా తగిలేది అంతకంటే పాత చట్టం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచినదాన్ని ఇప్పించమని దావా వేయడానికి వీల్లేదు. సైటు సర్వర్ ఏ ద్వీపంలోనో ఉంటుంది, మనకు ఇక్కడ కోర్టు లేదు. కాబట్టి పైన వేసిన ప్రతి లెక్కనూ “వాడు ఇస్తే” అన్న సందేహంతో మళ్లీ గుణించాలి. దాటిన 43 మందిలో పదిమందికి ఇవ్వకపోతే, తలకు సగటున పది వేలున్నది రూ.7,650 అవుతుంది.

ఇచ్చినా పన్నుంది. ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 30 శాతం, సెస్సు అదనం. ఇంతలోపు అయితే కట్టనక్కర్లేదన్న పరిమితి లేదు. ఆడడానికి మాత్రమే పనికొచ్చే బోనస్ పన్ను లెక్కలోకి రాదు కానీ, అది విత్‌డ్రా చేయదగ్గ సొమ్ముగా మారిన రోజున వస్తుంది. గెలిచినవాడు కడతాడు, ఓడినవాడికి ఓడినదాని మీద వెనక్కి రాదు. ఆ 43 మంది నిజాయితీగా కడితే తలసరి సగటు ఇంకో రూ.1,700 పైనే తగ్గుతుంది. విదేశీ సైటు టీడీఎస్ కోయలేదంటే పన్ను లేదని కాదు, కట్టే బాధ్యత మీ మీద మిగిలిందని.

ఖాతా ఆగిపోతే

డబ్బు వచ్చాక కూడా ఒక ప్రమాదం ఉంది, డెల్టాలో దీని దెబ్బ గట్టిగా ఉంటుంది. ఈ సైట్లు విత్‌డ్రాలు తమ పేరుతో పంపవు. అద్దెకు తీసుకున్న ఖాతాల నుంచి పంపుతాయి. అదే ఖాతాలోకి ఏ రాష్ట్రంలోనో మోసపోయిన ఎవరి సొమ్మో వచ్చి ఉంటుంది. ఆ బాధితుడు ఫిర్యాదు చేస్తే, సొమ్ము ఎటెటు వెళ్లిందో పోలీసులు వరుసగా పట్టుకుంటూ వచ్చి ఆ దారిలో ఉన్న ఖాతాలన్నిటికీ హోల్డ్ పెట్టిస్తారు. మీకొచ్చింది అయిదు వేలే కావచ్చు. కానీ అదే ఖాతాలో పట్టుబడి సొమ్మో, దాళ్వా ధాన్యం సొమ్మో ఉంటే అదీ కదలదు. మేత కొట్టుకు ఇచ్చిన చెక్కు వెనక్కి వస్తుంది. యూపీఐ పనిచేయదు.

అలా జరిగితే ముందు బ్యాంకుకు వెళ్లి మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ రాష్ట్రంలో ఏ పోలీసు స్టేషను, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. హోల్డ్ ఖాతా మొత్తం మీద ఉంటే, దాన్ని వివాదపు మొత్తానికే పరిమితం చేయమని ఆ స్టేషనుకూ బ్యాంకుకూ దరఖాస్తు పెట్టవచ్చు. మిగతా సొమ్ము ఎక్కడిదో చూపించే కాగితాలు జత చేయండి: రొయ్యలు కొన్న కంపెనీ బిల్లు, ధాన్యం అమ్మిన రసీదు, ఏదుంటే అది. సైటు సొమ్ము గురించి అబద్ధం రాయొద్దు, లావాదేవీల చరిత్ర వాళ్ల దగ్గర ముందే ఉంటుంది. ఖాతా తెరిపిస్తామని ఫోన్ చేసి ఫీజు అడిగేవాళ్లు ఇంకో ముఠా. “విత్‌డ్రా విడుదల కావాలంటే ముందు పన్ను డిపాజిట్ చేయండి” అని సైటు అడిగినా అంతే. ఏ పన్నూ గెలిచినవాడి నుంచి ముందుగా యూపీఐలో వసూలు చేయరు.

ఏజెంటుకో సైటుకో పంపిన సొమ్ము మోసమని తేలిన గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. యూపీఐ లావాదేవీ నంబరు, అవతలి ఐడీ, ఏజెంటుతో జరిగిన చాటింగ్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి. ఆట ఆపలేకపోతున్నవాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు. ఖాతాలో బోనస్ షరతు సగంలో ఉన్నవాళ్లు షరతు తీరేదాకా ఆగకుండా బోనస్ వదులుకుంటామని సైటు సెట్టింగుల్లోనో చాట్‌లోనో పెట్టి, మిగిలిన సొంత డిపాజిట్ వరకు విత్‌డ్రా కోరవచ్చు. అంతవరకు షరతు ఎంత నిండిందన్నది పట్టించుకోనక్కర్లేదు. 60 శాతం నిండినా మిగిలిన నలభైకి ఇంకా లక్షా నలభై వేల పందేలు కాయాలి, దానికి ఇంకా రూ.5,600 తెగుతుంది.